నోటీసు పూర్తికాకముందే మానేస్తే?
భద్రాచలం, చర్ల వైపు నుంచి ఖమ్మం వచ్చి షోరూముల్లో, ప్రైవేటు ఆస్పత్రుల్లో పనిచేసే పిల్లలు రోజూ తిట్లు పడుతూ కూడా మానేయరు. నోటీసు పీరియడ్ భయం! నిజానికి బలవంతంగా పనిచేయించమని ఏ కోర్టూ చెప్పదు, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం అందుకు ఒప్పుకోదు. పేచీ అంతా డబ్బుదే. మూడేళ్లలోపు మానేస్తే రూ.2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ బాండును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే అది ప్రభుత్వ బ్యాంకు ఆఫీసర్ కొలువు. కౌంటర్ మీద నిలబడే పిల్లాడికి అదే లెక్క కట్టడం కుదరదు. పైగా 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారి జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఇంట్లో ‘ఇంకో నెల ఓర్చుకో బేటా’ అనేముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవాలి. చాలాచోట్ల ఆ లెటరే ఇవ్వరు, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం మొదటిరోజే తీసుకుంటారు.