వేంగికి బస్సు ఎన్నింటికి?

ఏలూరు వైపు నాలుగు పాత చోట్లు చూడాలని ఉందంటే ఇక్కడివాళ్లు ఎవరైనా చెప్పే మొదటి మాట, ‘కారు మాట్లాడుకోండి’. మాట్లాడుకోగలిగినవాళ్లకు అది మంచి సలహాయే. చరిత్రలో ఎం.ఏ. చదువుతున్న అమ్మాయికి, పింఛనుతో నెట్టుకొచ్చే రిటైర్డ్ మాస్టారికి, పదో తరగతి పిల్లలకు వేంగి చూపించాలనుకునే సోషల్ టీచరుకు మాత్రం ఆ ఒక్క మాటతో ప్రయాణం ఆగిపోతుంది. ఇంతకీ ఆ సలహా నిజంగా తప్పనిసరా? కాదని నా వాదన. కారు అక్కర్లేకుండా చూడగలిగే చారిత్రక ప్రాంతాలు మన రాష్ట్రంలో ఉన్నాయంటే వాటిలో ఏలూరు–తాడేపల్లిగూడెం–కొల్లేరు ప్రాంతం ముందు వరసలో ఉంటుంది. దాన్ని అలా చూడనివ్వనిది బస్సు వేళల విషయంలో మనం చూపుతున్న నిర్లక్ష్యమే.

ఒకసారి పటం ముందు పెట్టుకోండి. కొల్లేరుకు ఉత్తరాన విజయవాడ–విశాఖ ప్రధాన రైలు మార్గం. దాని మీద ఏలూరు, దెందులూరు, భీమడోలు, పూళ్ల, తాడేపల్లిగూడెం. దక్షిణాన గుడివాడ–భీమవరం లైను. దాని మీద మండవల్లి, కైకలూరు, ఆకివీడు. సరస్సుకు అటూ ఇటూ రైలు పట్టాలే. విజయవాడలో పొద్దున్నే రైలెక్కినవాడు అరవై కిలోమీటర్ల దూరంలోని ఏలూరులో టిఫిను తినొచ్చు. గూడెం మరో యాభై కిలోమీటర్ల లోపే.

రైలు రాకముందు కూడా ఈ నేల మీద ప్రయాణం సాగింది. 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర, 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్టలు పూర్తయ్యాక కాటన్ దొర కాలువలు పొలానికి నీళ్లే కాదు, ఊరికి దారి కూడా అయ్యాయి. గోదావరి నుంచి వచ్చే కాలువ, కృష్ణ నుంచి వచ్చే కాలువ ఏలూరులోనే కలుస్తాయి. లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు, మనుషుల పడవలు నడిచిన దారి ఇది. 2008లో కేంద్రం ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఏలూరు కాలువ కూడా ఉంది. ప్రకటన అయితే వచ్చింది, పడవలు మాత్రం తిరిగి రాలేదు. ఏలూరులో కాలువ గట్టు మీద నిలబడితే మొదట కనిపించేది ప్లాస్టిక్ సంచులు, ఆ తర్వాతే నీళ్లు. కాలువకు ఒడ్డున నీడ, నడవడానికి బాట ఉంటే పట్నం మధ్యలో అంతకన్నా మంచి నడకదారి ఇంకోటి దొరకదు. ఆ కాలువ దాటి పాత పట్నం సందుల్లోకి వెళ్లాలన్నా, తమ్మిలేరు అవతల తంగెళ్లమూడిలో తివాచీలు నేసిన వీధులు చూడాలన్నా కాళ్లు చాలు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా వెళ్లిన నేత అది. ఆ వీధి మొదట్లో ఆ సంగతి చెప్పే చిన్న బోర్డు కూడా లేకపోవడం నన్ను బాధపెడుతుంది.

అసలు విషయం పెదవేగి దగ్గర మొదలవుతుంది. ఏలూరుకు పన్నెండు కిలోమీటర్ల దూరం, అంతే. శాలంకాయనులు ఏలిన వేంగి అదే. వాళ్లు కొలిచిన చిత్రరథస్వామి సూర్యుడు. ఏడో శతాబ్దంలో కుబ్జ విష్ణువర్ధనుడు నిలబెట్టిన తూర్పు చాళుక్య రాజ్యానికీ వేంగి పేరే స్థిరపడింది. నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుడు ఆ వంశం వాడే. తెలుగు సాహిత్యం రాజమహేంద్రవరంలో మొదలైందని చదువుకుంటాం, సరే. ఆ సింహాసనం అంతకుముందు ఉన్న ఊరు చూడాలని ఎంతమంది పిల్లలకు అనిపించేలా చేశాం? పామాయిల్ తోటల మధ్య నుంచి ఊళ్లోకి వెళ్తే ధనందిబ్బ వస్తుంది. తవ్వకాల్లో ఇటుక కట్టడాల ఆనవాళ్లు బయటపడిన చోటు. తెలియనివాడి కంటికి అది గడ్డి మొలిచిన మట్టిదిబ్బ. తెలిసినవాడికి పాదం మోపడానికి జంకు కలిగే నేల. పన్నెండు కిలోమీటర్లంటే బస్సుకు అరగంట పని, సైకిలుకు గంట పని. బస్సులు ఉన్నాయి కూడా. అయితే అవి పల్లె నుంచి పట్నానికి పనికి వచ్చేవాళ్ల కోసం వేసినవి. పొద్దున పట్నం వైపు, సాయంత్రం ఊరి వైపు జనం ఎక్కువ. చూడ్డానికి వెళ్లేవాడికి అదే బస్సు ఎదురు దిశలో కావాలి. ఆ సీట్లు ఎలాగూ ఖాళీ. వాటిని నింపడానికి కొత్త బస్సు కూడా అక్కర్లేదు, ఏలూరు స్టేషన్లో దిగినవాడికి బస్సు ఎన్నింటికో, ఎక్కడ ఆగుతుందో తెలిస్తే చాలు.

గుంటుపల్లి కథ ఇంకా విచారకరం. ఏలూరు నుంచి నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కామవరపుకోట మండలం జీలకర్రగూడెం పక్కన కొండల్లో క్రీస్తుపూర్వం నాటి బౌద్ధ గుహలున్నాయి. మెట్లెక్కి వెళ్తే కొండను తొలిచి చేసిన గుండ్రటి చైత్యం. లోపల రాతి స్తూపం, చుట్టూ ప్రదక్షిణకు ఇరుకైన దారి. తలెత్తి చూడండి. పైకప్పు లోపలివైపు రాతిలోనే దూలాలు, వాసాలు చెక్కి ఉంటాయి. కొయ్యతో ఇల్లు కట్టడం తెలిసిన చేతులు, రాయి చేతికొచ్చినా కొయ్య పనితనాన్ని వదులుకోలేదు. బిహార్‌లో బరాబర్ కొండల మీది లోమశ ఋషి గుహతో పండితులు దీన్ని పోలుస్తారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. బుద్ధుడి జ్ఞాపకాన్ని శివుడి పేరుతో ఇన్నాళ్లూ కాపాడిన ఊళ్లవి. ఇంత చరిత్ర ఉన్న చోటికి వెళ్లడం ఎలా? కామవరపుకోట దాకా బస్సు. అక్కడి నుంచి ఎక్కువమందికి ఆటోయే దిక్కు. కొండ దిగేదాకా ఆటో అక్కడే ఉండాలంటే వెయిటింగు చార్జీ. ఇద్దరు విద్యార్థులకు బస్సు టికెట్ల కన్నా ఆ ఆఖరి పది కిలోమీటర్ల ఖర్చే ఎక్కువవుతుంది.

ఇదే జిల్లాలో ద్వారకా తిరుమలకు ఎవరూ దారి అడగరు. భీమడోలు స్టేషన్లో దిగితే ఆటోలు, బస్సులు ఎదురుచూస్తుంటాయి. ఏలూరు, గూడెం, ఏ డిపో నుంచైనా చిన్న తిరుపతికి బస్సు ఉంటుంది. కార్తీకమాసం వస్తే ఆర్టీసీ పంచారామ స్పెషళ్లు వేస్తుంది. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒక్క రోజులో చూపించి ఇంటికి తెచ్చి దింపుతుంది. ఐదు ఊళ్లు, ఐదు గుళ్లు, దర్శనం వేళలు, భోజనానికి ఆగే చోటు అన్నీ లెక్కేసి నడిపే సంస్థకు మూడు చారిత్రక స్థలాలను కలపడం తెలియదని ఎవరైనా అంటే నేను నమ్మను. భక్తుడికి చేసిన ఏర్పాటు చరిత్ర చూడాలనుకున్నవాడికి ఎందుకు చేయలేదన్నదే ప్రశ్న. పైగా పంచారామాలు భక్తుల గుళ్లు మాత్రమే కావు. ఆ బస్సుల్లో వెళ్లేవాళ్లంతా, తెలిసినా తెలియకపోయినా, తూర్పు చాళుక్యుల చరిత్ర మీదుగానే తిరుగుతున్నారు.

కొల్లేరు దగ్గర ఈ వాదన మరింత గట్టిపడుతుంది. అక్కడ కారు ఖర్చుతో పోయేది కాదు, హాని కూడా. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006 ప్రాంతంలో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. గట్లు మళ్లీ లేచాయి, కేసులు నడిచాయి, ఆ వివాదం నేటికీ తెగలేదు. ఇంత గొడవలో ఎవరూ పట్టించుకోని గట్టు ఒకటుంది, అది రోడ్డు. సరస్సు మీదుగా వేసే ప్రతి రోడ్డూ నీటికి అడ్డంగా వేసిన కట్టే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు వైపు కదలాలంటే ఆ కట్టల కింద ఉన్న తూముల్లోంచే దూరాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులో పడ్డప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లెక్కాయి. లంక గ్రామాల మనుషులకు రోడ్డు కావాలి, అందులో రెండో మాట లేదు. వాళ్ల బిడ్డ బడికి, గర్భిణి ఆసుపత్రికి వెళ్లాలి. కానీ వారాంతపు కార్ల కోసం దాన్ని ఇంకా వెడల్పు చేయాలని, సరస్సు మధ్యలో పార్కింగు కట్టాలని ఎవరైనా అడిగితే గట్టిగా వద్దనాలి.

అక్కడ కారు అవసరమూ లేదు. కైకలూరు స్టేషన్ నుంచి ఆటపాక పక్షుల కేంద్రం రెండు మూడు కిలోమీటర్లే. చలికాలంలో గూడబాతులు అక్కడి చెట్ల మీద, ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. అటవీశాఖ పడవ కూడా నడుపుతుంది. స్టేషన్లో పది సైకిళ్లు అద్దెకు పెడితే ఆ దారంతా పచ్చటి చెరువు గట్ల మధ్య తొక్కుకుంటూ పోవచ్చు. పక్షుల కోసం వచ్చినవాడికి హారన్ మోత ఎలాగూ వద్దు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎండ కూడా సైకిలుకు అనువుగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎవరినీ నడవమని, తొక్కమని నేను చెప్పను. నడవలేని పెద్దవాళ్లకు, వికలాంగులకు వాహనం గుమ్మం దాకా వెళ్లాల్సిందే.

ఇలా కార్లను పక్కన పెట్టి చూపిన ఊళ్లు ఉన్నాయి. హంపిలో విఠల ఆలయం దగ్గరికి సొంత వాహనాలను దూరంగానే ఆపి, బ్యాటరీ బండ్ల మీద తీసుకెళ్తున్నారు. ఊళ్లో సైకిళ్లు అద్దెకిస్తారు. స్పెయిన్‌లో పాంతెవేద్ర అనే చిన్న పట్నం 1999 నుంచి తన పాత నగరాన్ని పాదచారులకు అప్పగించింది. ఏలూరు ఒక్క వీధితో మొదలుపెట్టినా చాలు.

జనం ఎక్కరు, బస్సు నష్టపోతుందని అధికారులు చెప్పే మాట తీసిపారేయదగ్గది కాదు. కానీ 2025 ఆగస్టు 15న ‘స్త్రీ శక్తి’ పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మహిళలకు టికెట్ చార్జీ లేదు. ఇల్లు, పొలం, గుడి తప్ప ప్రయాణం ఎరగని ఆడవాళ్లకు ఇంతకాలం అడ్డున్న ఖర్చు తొలగిపోయింది. ఆ స్వేచ్ఛ వేంగిదాకా, గుంటుపల్లిదాకా ఎందుకు వెళ్లకూడదు? 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడ్డాక పెదవేగి, గుంటుపల్లి, ద్వారకా తిరుమల, కైకలూరు అన్నీ ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. కొల్లేరు రెండు జిల్లాల మధ్య నలిగిన రోజుల్లో చెప్పిన సాకు ఇప్పుడు చెల్లదు.

కాబట్టి అడిగేది చిన్నదే. వచ్చే అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆదివారాలు, రెండో శనివారాల్లో ఒక్క బస్సు వేయండి. విజయవాడ నుంచి పొద్దున వచ్చే రైలు అందుకునేలా ఏలూరు స్టేషన్లో బయల్దేరి, పెదవేగి మీదుగా గుంటుపల్లి చేరి, అక్కడ రెండు గంటలు ఆగి, ద్వారకా తిరుమల మీదుగా సాయంత్రం రైలు వేళకు భీమడోలులో దింపాలి. గూడెం వైపు వాళ్లకూ అదే స్టేషన్ దగ్గర. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు స్టేషన్లలో తెలుగులో పెద్ద అక్షరాలతో ఆ వేళలు రాసిపెట్టండి. పాఠకులకూ ఒక మాట. ఆ బస్సు వేసిన మొదటి ఆదివారమే సీట్లు నింపండి, పిల్లలను వెంట తీసుకెళ్లండి. వేయకపోతే ఎందుకు వేయలేదని డిపో మేనేజరుకు, కలెక్టరుకు అర్జీ పెట్టండి.