తుప్పు పేరుతో తోసిపుచ్చకండి

అమెరికన్ శిల్పి రిచర్డ్ సెర్రా 2024 మార్చిలో కన్నుమూశాడు. ఆయన మీద ఉన్న పాత ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది: తుప్పు పట్టిన ఇనుప పలకలు నిలబెట్టి శిల్పమన్నాడు, వాటిలో పనితనం లేదు, రూపం లేదు, జనం కూడా వద్దన్నారు. ఇందులో ఏ ఒక్క మాటా నిలవదు.

తుప్పు సంగతే ముందు చూద్దాం. ఆయన వాడింది కోర్టెన్ ఉక్కు. రాగి, క్రోమియం, నికెల్ వంటివి కొద్దికొద్దిగా కలిపిన ఉక్కు అది. మామూలు ఇనుము తుప్పు పడితే పొలుసులు రాలి లోపలి లోహం కూడా పోతుంది. కోర్టెన్ మీద ఎండావానలకు కట్టే పొర గట్టిగా అంటుకుని, తుప్పు లోపలికి పాకకుండా నిలవరిస్తుంది. మొదట నారింజ రంగులో ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. రంగు వేసే అవసరం తప్పుతుందని వంతెనలకూ వాడారు దీన్ని. చూసేవాళ్లు నిర్లక్ష్యం అనుకుంటున్న ఆ పొరే లోహానికి కాపలా.

పనితనం లేదనేవాళ్లు 'టార్క్‌డ్ ఎలిప్సెస్' అనే ఆయన శిల్పాలు ఎలా తయారయ్యాయో తెలుసుకోవాలి. నేల మీద ఒక దీర్ఘవృత్తం, పై అంచులో అదే కొలతల దీర్ఘవృత్తం. కాకపోతే పైది కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. ఆ రెండింటినీ కలిపే గోడ మెలి తిరగక తప్పదు. అంగుళాల మందం ఉన్న ఉక్కును అలా వంచగల యంత్రం దొరకడమే కష్టమైంది. చివరకు మేరీలాండ్‌లోని స్పారోస్ పాయింట్ ఓడల కర్మాగారంలో ఆ పని జరిగింది. సెర్రా తండ్రి ఓడల కర్మాగారంలో పనిచేసినవాడు, సెర్రా కూడా కుర్రతనంలో ఉక్కు మిల్లుల్లో పనిచేశాడు.

ఆయన్ని గట్టిగా నిలదీయాల్సిన సంగతి వేరే ఉంది. 1971లో మినియాపొలిస్‌లో ఆయన శిల్పాన్ని నిలబెడుతుండగా పలక మీద పడి ఒక కార్మికుడు చనిపోయాడు. దాని గురించి ఎంత అడిగినా తక్కువే.

రూపం మాటకొస్తే, బిల్బావోలోని గుగెన్‌హైమ్ మ్యూజియంలో 2005 నుంచి ఉన్న 'ద మ్యాటర్ ఆఫ్ టైమ్'లో ఎనిమిది శిల్పాలున్నాయి. వాటిని ఎదురుగా నిలబడి చూస్తే తెలిసేది చాలా తక్కువ. లోపలికి నడవాలి. గోడ మీదికి ఒరుగుతుంది, నాలుగడుగులు వేసేసరికి దూరం జరుగుతుంది. దారి ఇరుకవుతుంది, నడక దానంతటదే నెమ్మదిస్తుంది, ఎటు తిరిగామో లెక్క తప్పుతుంది. ఉన్నట్టుండి విశాలమైన ఖాళీలోకి వచ్చి పడతాం. గుడిలో గర్భాలయం చుట్టూ ఇరుకు దారిలో ప్రదక్షిణ చేసినవాళ్లకు ఒంటితో చోటును తెలుసుకోవడం కొత్తేమీ కాదు. మన కూడళ్లలో శిల్పమంటే ఎవరో ఒక నాయకుడి విగ్రహమే కాబట్టి 'ఇది దేని బొమ్మ?' అన్న ప్రశ్న ముందుగా వస్తుంది. ఇక్కడ ఆ ప్రశ్నతో పని లేదు.

ఇక జనం వద్దన్నారన్న మాట. న్యూయార్క్ ఫెడరల్ ప్లాజాలో 1981లో నిలబెట్టిన 'టిల్టెడ్ ఆర్క్' 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు. దారికి అడ్డమని అక్కడి ఉద్యోగులు విసుక్కున్నారు. తీసేయమని దాదాపు 1,300 మంది సంతకాలు చేశారు. రోజూ ఆ ప్లాజా దాటాల్సినవాళ్ల ఇబ్బందిని కొట్టిపారేయను. అయితే 1985 మార్చిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఉంచమన్నవాళ్లు 122 మంది, తీసేయమన్నవాళ్లు 58 మంది. ఉంచమన్నవాళ్లలో కళారంగం వాళ్లు ఎక్కువన్నది నిజమే. కళాకారులు ప్రజలు కారా? ఇంత జరిగాక విచారణ సంఘం 4-1తో తొలగింపునే సిఫారసు చేసింది. ఆ సంఘానికి అధ్యక్షత వహించింది కూడా శిల్పాన్ని తీసేయాలని అప్పటికే బాహాటంగా చెబుతున్న ప్రభుత్వ అధికారే.

ఆ చోటు కోసమే చేసిన శిల్పాన్ని కదిలిస్తే ధ్వంసం చేసినట్టేనని సెర్రా మొదటి నుంచీ చెప్పాడు, కోర్టుకూ వెళ్లాడు, ఓడిపోయాడు. 1989 మార్చి 15 రాత్రి దాన్ని ముక్కలు చేసి గిడ్డంగికి తరలించారు. అధికారులు ముందే తీసుకున్న ఆ నిర్ణయాన్ని ప్రజల తీర్పుగా రాయడం కళావిమర్శకులు ఇకనైనా మానుకోవాలి.