మెట్ట చేలలో కానుగ: నూనె లెక్క చాలదు, ఆకు లెక్క కావాలి

ఎన్టీఆర్ జిల్లా మెట్టలో, ముఖ్యంగా జగ్గయ్యపేట, నందిగామ పరిసరాల నల్లరేగడి చేలలో ప్రత్తి, మిరప ఏటేటా భూమి నుండి పోషకాలను తీసుకుంటున్నాయి. ప్రత్తి మోళ్లు చాలాచోట్ల పీకి కాల్చివేయబడుతున్నాయి. పశువులు తగ్గడంతో పెంటపోగులూ తగ్గాయి. నేలకు తిరిగి చేరే సేంద్రియ పదార్థం స్వల్పం. ఈ లోటును కొంతవరకైనా పూడ్చగల కానుగ చెట్టు గట్లపైనే ఉన్నా, దానికి సిఫారసులలో తగిన స్థానం లేదు.

కానుగ (పొంగామియా పిన్నాటా) చిక్కుడు కుటుంబానికి చెందిన వృక్షం. వేరు బుడిపెలలోని బాక్టీరియా ద్వారా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. లోతైన తల్లివేరు వల్ల బెట్టను, కొంతమేరకు చౌడును తట్టుకుంటుంది. వేసవిలో లేత ఊదా ఛాయగల తెల్లని పూలగుత్తులతో తేనెటీగలను ఆకర్షిస్తుంది. ఆకు చేదు కనుక పశువులు సాధారణంగా మేయవు. కంచె ఖర్చు తక్కువ.

గత రెండు దశాబ్దాలలో ఈ చెట్టును ప్రధానంగా బయోడీజిల్ దృష్టితోనే చూశారు. 2003లో ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గ్రామం, కానుగ నూనె వాడకం వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు ప్రతిగా ప్రపంచ బ్యాంకు నుండి 645 డాలర్లు పొందింది. ఆ ఉత్సాహం నిలవలేదు. విత్తనంతో పెరిగిన చెట్ల కాపులో తేడాలు ఎక్కువ. కాపుకు సంవత్సరాలు పడుతుంది. కాయ ఏరివేతకు కూలీ ఖర్చు తప్పదు. నూనె లెక్క తప్పగానే చెట్టునే పక్కన పెట్టడం పొరపాటు.

పొడి ఆకులో నత్రజని 3 శాతానికి పైగా ఉంటుంది. పచ్చి ఆకులో మూడో వంతు పొడి పదార్థం అనుకుంటే, టన్ను ఆకు దాదాపు 10 కిలోల నత్రజనినిస్తుంది. ఇది సుమారు సగం బస్తా యూరియాకు సమానం. ఇంతే అయితే ఏ రైతూ కొమ్మ నరకడు. కానీ యూరియా ఇవ్వలేని సేంద్రియ కర్బనం ఆకుతో నేలకు చేరుతుంది. కానుగ పిండిలో సుమారు 4 శాతం నత్రజని ఉంటుంది. అందులోని కరంజిన్ నైట్రిఫికేషన్‌ను మందగింపజేసి నత్రజని నష్టాన్ని తగ్గిస్తుంది.

అభ్యంతరాలూ న్యాయమైనవే. చెట్టు నీడలో, వేళ్ల పోటీలో పక్క సాళ్లు దెబ్బతింటాయి. కొమ్మలు నరికితే కాయ తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కౌలు రైతు యజమాని గట్టుపై ఏళ్ల తరబడి పెరగవలసిన చెట్టును నాటడు. కనుక చెరువు కట్టలు, వాగు ఒడ్లు, డొంకలు, వెడల్పైన గట్లపైనే కానుగను సిఫారసు చేయాలి. ఆకు కోసం కొన్ని, గింజ కోసం కొన్ని చెట్లను వేరుగా ఉంచాలి. ఉమ్మడి స్థలాల ఆకులో కౌలు రైతుకూ వాటా ఉండాలి. తొలకరికి కొట్టిన రెమ్మలను పదును ఉన్నప్పుడే దుక్కిలో కలియదున్నాలి.

జగ్గయ్యపేట సమీపంలోని గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం ఇటువంటి ప్రదర్శనా క్షేత్రాలకు అనువైన చోటు. అక్కడ ఆకు దిగుబడితోపాటు కొమ్మలు కొట్టే కూలీ ఖర్చును, చెట్టు పక్క సాళ్లలో తగ్గిన దిగుబడిని, నేలలో కర్బనం మార్పును కొన్నేళ్లపాటు నమోదు చేయాలి. నష్టాన్ని దాచని లెక్కనే రైతు నమ్ముతాడు. విస్తరణ శాస్త్రవేత్త అతని ముందు ఉంచవలసినదీ అదే.