మన ఘాట్ రోడ్డుకి ఏ ఇంజను మంచిది?



మన గోడపత్రికలో ఇంతవరకు పరిశుభ్రత గురించి, చెట్ల గురించి, చదువు గురించి రాశారు. నేను బండి ఇంజను గురించి రాస్తానంటే మా రూములో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వండి గానీ చివరి దాకా చదవండి. ఎందుకంటే ఇది మగవాళ్ల విషయం కాదు. చార్జీ ఇచ్చేది మనం కూడా.

మా ఊరు పాడేరు ఘాట్ ఎక్కాక, కొండల లోపలికి ఉంటుంది. మా ఊరి పొదుపు సంఘం వాళ్లు లోను తీసుకుని ఒక బండి కొందామనుకుంటున్నారు. పసుపు మూటలు కిందకి దించడానికి, మనుషులు వెళ్లి రావడానికి. మా చిన్నాన్నకి లైసెన్సు ఉంది కాబట్టి ఆయనే నడుపుతాడు. రెండు బండ్లు చూసి వచ్చారు. ఒకటి పెట్రోలు వ్యాను, ఏడుగురు కూర్చోవచ్చు. రెండోది డీజిల్ జీపు, తొమ్మిది మంది. వ్యాను కాగితం మీద లీటరుకి 19 కిలోమీటర్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. జీపుకి 16. వ్యాను ధర కూడా తక్కువ. అందరూ వ్యానే అన్నారు.

నేను సెలవులకి వెళ్లినప్పుడు ఆ మాట విని "చిన్నాన్నా, ఒక్కసారి లెక్క వేసి చూద్దాం" అన్నాను. "ఏటే, పుస్తకాలు చదివితే బండి గురించి తెలిసిపోద్దా?" అన్నాడు. మా అమ్మ ఏమీ అనలేదు. అమ్మ ఆ సంఘంలో సభ్యురాలు. ఆ లోను కాగితం మీద అమ్మ వేలిముద్ర కూడా పడుతుంది. బండి సంపాదన అంతా ఆయిలుకే పోతే వాయిదా ఎవరు కడతారు? అందుకే నాకు భయం వేసి ఈ లెక్క వేశాను.

ముందు ఒక సంగతి చెప్తాను. పోయిన దసరా సెలవుల తర్వాత కింది నుంచి పైకి ఒక పాత పెట్రోలు బండిలో వస్తున్నాం. మనుషులు నిండుగా ఉన్నారు, పైన మూటలు. సగం ఘాట్ ఎక్కేసరికి ఇంజను అరుస్తోంది గానీ బండి కదలడం లేదు. డ్రైవరు "దిగండి, దిగండి" అన్నాడు. వానలో నేను, మా చెల్లి ట్రంకు పెట్టె పట్టుకుని రెండు మలుపులు నడిచాం. మాతో ఒక వదిన ఉంది. ఆవిడకి ఏడో నెల. ఆవిడ కూడా నడిచింది. రెండో మలుపులో రాయి మీద కూర్చుని ఏడ్చింది. చార్జీ మాత్రం అందరి దగ్గరా పూర్తిగా తీసుకున్నారు.

ఆ రోజు నాకు అనిపించింది, కాగితం మీద మైలేజీ వేరు, మన ఘాట్ వేరు అని.

కంపెనీ మైలేజీ అబద్ధం కాదు. బండిని ఒక గదిలో రోలర్ల మీద నిలబెట్టి, చక్రాలు తిప్పి కొలుస్తారు. మన దేశంలో పూణేలో ఏఆర్ఏఐ అనే సంస్థ ఈ పరీక్షలు చేస్తుంది. అన్ని బండ్లకీ ఒకటే పరీక్ష కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. కానీ ఆ గదిలో ఘాట్ లేదు, పసుపు మూటలు లేవు, వదిన లేదు.

ఇప్పుడు మన 9వ తరగతి "పని, శక్తి" పాఠం గుర్తు తెచ్చుకోండి. బరువుని పైకి ఎత్తడానికి కావలసిన శక్తి = ద్రవ్యరాశి × 9.8 × ఎత్తు. మైదానం నుంచి పాడేరుకి 800 మీటర్లు ఎక్కుతాం అనుకుందాం. మనుషులు, మూటలతో కలిపి వ్యాను 1500 కిలోలు, జీపు 2300 కిలోలు అనుకుందాం.

వ్యానుకి కావలసింది సుమారు 118 లక్షల జౌళ్లు. జీపుకి సుమారు 180 లక్షల జౌళ్లు. చూడగానే జీపు ఓడిపోయినట్టు ఉంది కదా? ఆగండి.

లీటరు పెట్రోలులో సుమారు 330 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. మామూలుగా అందులో నాలుగో వంతు దాకా చక్రానికి చేరుతుంది, మిగతాది వేడిగా పోతుంది. లీటరు డీజిల్‌లో సుమారు 360 లక్షల జౌళ్లు ఉంటాయి, అందులో మూడో వంతు దాకా పనికొస్తుంది. ఈ లెక్కన ఘాట్ ఎక్కడానికి మాత్రమే వ్యానుకి 1.43 లీటర్లు, జీపుకి 1.5 లీటర్లు. దాదాపు సమానం! కానీ వ్యానులో ఏడుగురు, జీపులో తొమ్మిది మంది. ఒక్కొక్కరి వంతు వ్యానులో 204 మిల్లీలీటర్లు, జీపులో 167 మిల్లీలీటర్లు. పైగా ఇప్పుడు డీజిల్ లీటరు పెట్రోలు కంటే కొన్ని రూపాయలు తక్కువ.

మైలేజీ బండికి కాదు, మనిషికి లెక్క వెయ్యాలి. కాగితం మీద లెక్క చూసినా 19ని 7తో గుణిస్తే 133, 16ని 9తో గుణిస్తే 144. మోటారు సైకిలు లీటరుకి 50 ఇస్తుందని మా అన్న గొప్పలు చెప్తాడు. ఇద్దరికి 100 అయింది. నిండా మనుషులున్న జీపే గెలిచింది.

డీజిల్ ఎందుకు ఎక్కువ పనికొస్తుందో సైన్సు మేడమ్ చెప్పారు. సైకిలుకి పంపుతో గాలి కొడితే పంపు అడుగున వేడెక్కుతుంది కదా, అదే సంగతి. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ పుట్టిస్తుంది. డీజిల్ ఇంజనులో ప్లగ్గు రవ్వ ఉండదు. గాలిని బాగా నొక్కితే అదే మండిపోయేంత వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే అంటుకుంటుంది. ఎంత ఎక్కువ నొక్కితే అంత ఎక్కువ పని వస్తుంది. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ గారు ఈ ఇంజను నడిపి చూపించారు. ఆయన పేరే నూనెకి కూడా వచ్చింది. ఈ ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బలం ఇస్తుంది. ఎత్తు మలుపులో మనకి కావలసింది అదే.

డీజిల్‌లో లోపాలు లేవని నేను అనను. కొనే ధర ఎక్కువ, రిపేరు ఖర్చు ఎక్కువ. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నియమాలు వచ్చాయి. పొగ తగ్గించే సామాను పెట్టాలి కాబట్టి చిన్న డీజిల్ కార్ల ధర పెరిగింది. మారుతి కంపెనీ అప్పుడే డీజిల్ కార్లు మానేసింది. మైదానంలో ఒకరిద్దరు తిరిగే చిన్న కారుకి పెట్రోలే మేలు. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండికి డీజిల్ వద్దు, పొగ జల్లెడ మసితో పూడుకుపోతుంది. మాది అలా కాదు. మాది బరువు, ఎత్తు, రోజూ దూరం.

మరి కరెంటు బండి? జీపు బరువే ఉన్న కరెంటు బండి ఆ ఘాట్ ఎక్కడానికి సుమారు 6 యూనిట్లు చాలు. దిగేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి కొంత వెనక్కి ఇస్తుంది. అన్నిటికంటే అదే చవక. కానీ మా ఊళ్లో గాలివాన వస్తే కరెంటు పోతుంది, ఎప్పుడు వస్తుందో చెప్పలేం. రాత్రి ఎవరికైనా నొప్పులు వస్తే చార్జింగు లేదని కూర్చోలేం. కరెంటు నిలకడగా ఉన్న రోజు అందరికంటే ముందు నేనే అది కొనమంటాను.

ఇంకొక్క మాట, ఇది డ్రైవర్లకి. ఆయిలు మిగులుతుందని ఘాట్ దిగేటప్పుడు కొందరు న్యూట్రల్ చేస్తారు, కొందరు ఇంజనే ఆపేస్తారు. ఇంజను ఆపితే బ్రేకు గట్టిగా పట్టదు. న్యూట్రల్‌లో భారం అంతా బ్రేకు మీద పడి అది కాలిపోతుంది. పైగా ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలేటరు వదిలితే ఆయిలు పొయ్యడం వాటంతట అవే ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఆయిలు కాలుతుంది. అంటే మిగిలేది లేదు, ప్రాణం మీదకి తెచ్చుకోవడం తప్ప. మీరెక్కిన బండిలో అలా చేస్తే "గేరులో దించండి" అని అడగండి. ఆడపిల్లలం అని ఊరుకోవద్దు.

ఈ లెక్క ఒక కాగితం మీద రాసి అమ్మకి పంపుతున్నాను. అమ్మకి చదవడం రాదు. సంఘం మీటింగులో అంగన్‌వాడీ టీచరు గారి చేత చదివించమని చెప్పాను. వాళ్లు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. వ్యానే కొంటే దానికి సరిపడా లోడే వెయ్యమని అడుగుతాను. కానీ వేలిముద్ర వేసే ముందు అమ్మకి లెక్క తెలియాలి. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. ఈ పాటి లెక్క చెప్పకపోతే నేను చదివి ఏం లాభం?

మీ ఊళ్లో ఏ బండి తిరుగుతోంది, ఎంత మంది ఎక్కుతారు, ఎంత ఆయిలు పడుతుందో కింద ఖాళీలో రాయండి. నా లెక్కలో తప్పుంటే ఎర్ర పెన్నుతో దిద్దండి.

— 9వ తరగతి విద్యార్థిని