సిలికా జెల్ తినొద్దంటారు సరే, ఉబ్బిన బ్యాటరీ సంగతి ఎవరు చెప్తారు?

కొత్త ఫోన్ బాక్స్ ఓపెన్ చేసినప్పుడల్లా నాకొక అలవాటుంది. ఫోన్ కన్నా ముందు, మడత పెట్టి ఉన్న సేఫ్టీ కాగితం తీసి చదువుతాను. నవ్వుకోవటానికే లెండి. "మైక్రోవేవ్ లో పెట్టవద్దు", "నోట్లో పెట్టుకోవద్దు" లాంటివి ఉంటాయి. చిన్న సిలికా జెల్ ప్యాకెట్ మీద అయితే "తినవద్దు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వికారాబాద్ లో మా ఇంట్లో ఇవి చదివి వినిపిస్తే అమ్మ, "ఫోన్ ని పొయ్యి మీద పెట్టేటోళ్లు గూడ ఉంటరారా?" అని అడిగింది.

జనాల్లో కామన్ సెన్స్ తగ్గిపోయింది కాబట్టే ఇలాంటివి రాస్తున్నారని నేను కూడా చాలా రోజులు అనుకున్నాను. పోయిన ఎండాకాలం తాండూరు వెళ్ళాక ఆ అభిప్రాయం మారింది.

తాండూరులో మా మామ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ లో పనిచేస్తాడు. ఆయన ఫోన్ కి రబ్బరు బ్యాండ్లు రెండు చుట్టి ఉన్నాయి. "డిస్‌ప్లే పైకి లేస్తున్నదిరా, మంచి గమ్ము ఏదన్నుంటే చెప్పు" అన్నాడు. చేతిలోకి తీసుకుని, లేచిన చోట బొటనవేలితో నొక్కి చూశాను. అప్పుడు అర్థమైంది, లోపల బ్యాటరీ ఉబ్బింది. ఆ ఫోన్ నే రోజూ రాత్రి దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేస్తున్నాడు. ఛార్జర్ ఏమో ఏ గుర్తూ, ఏ నంబరూ లేని చవక రకం.

లిథియం అయాన్ బ్యాటరీ లోపల ఉండే రసాయనాలు పాడైతే గ్యాస్ పుడుతుంది, అందుకే ఉబ్బుతుంది. దాన్ని నొక్కినా, గుచ్చినా లోపల షార్ట్ అయ్యి మంట రావచ్చు. అంటే రబ్బరు బ్యాండ్ వేసి మామ చేసిన తప్పు, వేలితో నొక్కి నేనూ చేశాను. ఇన్నేళ్ళుగా గ్యాడ్జెట్ల గురించి రాస్తున్న నేను!

మామ తెలివితక్కువ మనిషి కాదు. చప్పుడు విని రాయి ఎక్కడ పగులుతుందో చెప్పగలడు. బ్యాటరీ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ ఫోన్ తో వచ్చిన కాగితం బీరువాలో మడత విప్పకుండా అలాగే ఉంది. ఉబ్బిన బ్యాటరీ వాడవద్దు అని అందులో రాసే ఉంది. ఇంగ్లీష్ లో, చీమ తలకాయంత అక్షరాల్లో, మైక్రోవేవ్ లైన్ కి చాలా కింద.

ఈ టాపిక్ రాగానే అందరూ అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ కాఫీ కేసు గురించి చెప్పి నవ్వుతారు. కాఫీ వేడిగా ఉంటుందని కూడా తెలియదా అని. కానీ అసలు జరిగింది వేరు. 1992లో కాఫీ ఒలికి కాలిపోయిన ఆవిడకి అప్పుడు 79 ఏళ్ళు. ఆ కాఫీ 80 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంది. చర్మం లోపలి వరకు కాలి, 8 రోజులు హాస్పిటల్ లో ఉండి, స్కిన్ గ్రాఫ్టింగ్ చేయించుకోవలసి వచ్చింది. అంతకు ముందే కంపెనీకి 700 పైగా ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయని 1994లో కోర్టులో బయటపడింది. మనం మాత్రం ఆవిడ కామన్ సెన్స్ మీద జోకులు వేసుకున్నాం.

మన దేశం సంగతి చూద్దాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సరైన హెచ్చరిక ఇవ్వకపోతే కంపెనీ బాధ్యత వహించాలి. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి మాత్రం హెచ్చరించకపోయినా తప్పు కాదని అదే చట్టం చెబుతుంది. అంటే "తినవద్దు" అని అరవాల్సిన పని లేదు, తెలియని విషయం చెప్పాలి. కానీ అన్ని దేశాలకీ కలిపి ఒకే కాగితం ప్రింట్ చేస్తే, పనికొచ్చే ఒక్క లైన్ పనికిరాని ముప్ఫై లైన్ల మధ్య కలిసిపోతుంది.

రెండోది భాష. బాక్స్ మీద ధర, తయారీ వివరాలు లాంటివి హిందీ లేదా ఇంగ్లీష్ లో ఉంటే చాలని రూల్స్ చెబుతున్నాయి. తెలుగు కంపెనీ ఇష్టం. యాడ్ మాత్రం చక్కగా తెలుగులో ఇస్తారు!

మూడోది మన ఎండ. ఆపిల్, శాంసంగ్ లాంటి కంపెనీలు ఫోన్ ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటాయి. మే నెలలో తాండూరులో 40 దాటుతుంది. మరి ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి బీరువాలో పెట్టాలా? ఎండలో ఛార్జింగ్ పెట్టొద్దు, బండి డ్యాష్‌బోర్డ్ మీద వదిలెయ్యొద్దు అని చెబితే ఎవరికైనా అర్థమవుతుంది.

అందుకే నా వరకు నేను మామకి నాలుగు మాటలు తెలుగులో రాసిచ్చాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి:

1. ఫోన్ ఉబ్బితే ఛార్జింగ్ ఆపి, స్విచ్ ఆఫ్ చెయ్యండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు. సర్వీస్ సెంటర్ కి తీసుకెళ్ళండి.
2. దిండు కింద, దుప్పటి కింద పెట్టి ఛార్జింగ్ చెయ్యొద్దు. వేడి బయటకి పోదు.
3. ఛార్జర్, పవర్ బ్యాంక్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ తో మొదలయ్యే నంబర్ చూడండి. బీఐఎస్ కేర్ యాప్ లో ఆ నంబర్ కొడితే అసలుదో కాదో తెలుస్తుంది.
4. ఎండలో, వేడెక్కిన ఫోన్ కి ఛార్జింగ్ పెట్టొద్దు.

మామ ఫోన్ కి కొత్త బ్యాటరీ పడింది, ఛార్జర్ మారింది. కాగితం చదివి, "గీ నాలుగు ముక్కలు డబ్బా మీదనే రాస్తే అయిపాయె గదరా" అన్నాడు. నేను ఇన్ని లైన్లు రాసి చెప్పింది కూడా అదే. ఇక నుంచి నా రివ్యూల్లో కెమెరా, బ్యాటరీలతో పాటు సేఫ్టీ కాగితం తెలుగులో ఉందా లేదా అన్నది కూడా రాస్తాను.