పెద్ద బల్లి కన్నా చేపే నయం

ద్వారకలోని మా అపార్ట్‌మెంట్ల తెలుగు పిల్లలు సెలవులకు హైదరాబాద్ వెళ్లొస్తే ఒకటే ఫోటో: బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం ముందు ఇకిలింపు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర బయటపడ్డ రాకాసి బల్లి కదా, మురిసిపోవాల్సిందే. నా ఓటు మాత్రం అది దొరికిన ‘కోట’ రాతిపొరల్లోనే ఉన్న ఓ చేపకు. కోటాసారస్ అంటే కనీసం 12 జంతువుల ఎముకలు కలగలిసిన గుట్ట. రెండు పళ్లు తప్ప పుర్రె జాడే లేదు. అదే ప్రాణహిత నది ఒడ్డున, కోట గ్రామం దగ్గరి సున్నపురాయిలో లెపిడోటెస్ చేపను చూడండి: నలుపలకల మందపాటి పొలుసులు, పెంకుటింటి కప్పులా వరస చెదరకుండా, ఇంకా నిగనిగలాడుతూ! పొలుసు కదలలేదంటే నీళ్లూ కదల్లేదని, సన్నటి బురద మెల్లగా పేరుకుందని అర్థం. ఎముకలు జంతువు ఎంత పెద్దదో చెబుతాయి. చేప ఏకంగా జురాసిక్ నాటి మంచినీటి సరస్సునే పట్టిస్తుంది. పైగా సీనియారిటీ కూడా దానిదే. కోటాసారస్‌కు పేరు పెట్టింది 1988లో. ఈ దక్కను చేప 1851లోనే లండన్ శాస్త్ర పత్రికకెక్కింది. ఈసారి హైదరాబాద్ వెళ్తే ఫోటో దిగాక పిల్లలకు ఆ సరస్సు సంగతి కూడా చెప్పండి.