పెంటయ్యలు, పుల్లమ్మలు ఏమయ్యారు?

“పూర్వం వాళ్లు గట్టివాళ్లమ్మా! రాళ్లు తిని హరాయించుకునేవారు, నూరేళ్లు బతికేవారు.” ఏ పెళ్లిపందిట్లో కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది. నిజమేనా?

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. అంటే అందరూ ఆ వయసుకే పోయారని కాదు. తొంభై దాటిన తాతమ్మలూ ఉన్నారు. కానీ ఉయ్యాల దిగకుండానే పోయిన పసివాళ్లు, పురిట్లోనే కన్నుమూసిన తల్లులు ఆ సగటును కిందికి లాగేశారు.

మన పాత పేర్లే సాక్ష్యం. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డయినా దక్కాలని పెంటకుప్ప మీదో, పుల్లాకుల్లోనో పొర్లించి పెంటయ్య, పుల్లమ్మ అని పిలుచుకునేవారు. ఆ పేర్ల వెనక ఎంత కడుపుకోత!

ఇవాళ ఆ సగటు 70 ఏళ్లు. మంచినీళ్లు, మంచి తిండి సాయపడ్డాయి, నిజమే. కానీ వైద్యం లేనిదే ఇది జరిగేదా? మశూచి 1975తో మన దేశంలో ఆగిపోయింది. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీళ్లతోనే ఎందరో కలరా రోగుల్ని బతికించారు. పోలియో పోయిందని 2014లో ధ్రువీకరించారు.

అయినా జ్వరమొస్తుందని టీకా వాయిదా వేసే తల్లులు ఇంకా ఉన్నారు. “మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?” అని అత్తగారు సణిగితే విసుక్కోకండి. “మీ అమ్మగారు ఎందర్ని కన్నారు? ఎందరు దక్కారు?” అని నెమ్మదిగా అడగండి. జవాబు విన్నాక, టీకా కార్డు తీసి తేదీ చూసుకోండి.